తానుగా తిరుగు గడియారమునకు కీ ఇయ్యరాదా?

విద్యావంతుల ఇండ్లలో మూఢవిశ్వాసములు తగ్గిపోయినవని మనవారు తరచుగా సంతోషించుచుందురు. ఆ సంతోషము మాకు పూర్తిగా కలుగుట లేదు. మూఢవిశ్వాసము ఇల్లు మార్చినదే కాని ఊరు విడిచి పోలేదు. పూర్వము బల్లిపాటునందును, తుమ్మునందును, వర్జ్యమునందును నివసించిన యది నేడు యంత్రములలో కాపురము పెట్టినది. పిల్లి యెదురైనప్పుడు నవ్వి ముందునకు సాగిపోవు పట్టభద్రుడే, తన చేతి గడియారమును గూర్చి యెవరో చెప్పిన మాటను వేదవాక్యముగా గైకొని, ఎందులకని యడుగక యావజ్జీవము పాటించుచున్నాడు.

ఆ మాట యేదన, ఆటోమేటికు వాచీకి చేతితో కీ ఇయ్యరాదు, ఇచ్చినచో చెడిపోవును అనునది. ఇంత చిన్న విషయమునకై పుటలు నింపవలెనా యని చదువరు లనుకొందురేమో. విషయము చిన్నదే. కాని యీ చిన్న మాట యొక పెద్దమనిషిని మూడు దినములు అన్నమునకు దూరము చేయుట మేము కన్నులార చూచితిమి. కావుననే వ్రాయుచున్నాము.

మాకు గురుతుల్యులైన యొక వృద్ధోపాధ్యాయులు కలరు. వయస్సు డెబ్బది దాటినది. ఆయన ముప్పది యేండ్లుగా ఒకే ఆటోమేటికు వాచీని ధరించుచున్నారు. గ్రంథాలయమునకైనను, కూరగాయల బజారునకైనను నడచియే పోవు మనిషి యగుటచే ఆ వాచీ ఆగి యెరుగదు. గడచిన వర్షకాలమున ఆయన స్నానపుగదిలో జారిపడగా తుంటియెముక విరిగి, శస్త్రచికిత్స జరిగెను. ఆసుపత్రిలో నున్న దినములలో వాచీని కుమారుడు ధరించెను. ఇంటికి తెచ్చిన పిమ్మట దానిని మరల తండ్రి చేతికి పెట్టిరి. ఆ చేయి పక్కపై కదలక పడియుండెను. మూడవనాటి తెల్లవారుజామున వాచీ ఆగెను.

ఆ యింట నందరును చదువుకొన్నవారే. అయినను చూడవచ్చిన బంధువురాలొకరు, "ముప్పై ఏళ్లు ఆగని వాచీ ఇప్పుడే ఆగాలా?" అని నిట్టూర్చిరి. ఆ నిట్టూర్పు రోగి చెవిని బడెను. కుమారుడు వాచీని పట్టణమున నొక దుకాణమునకు గొనిపోయెను. అచ్చటివారు లోపలి యంత్రము అరిగిపోయినదని చెప్పి, తగినంత సొమ్ము పుచ్చుకొని, "చేత్తో కీ మాత్రం ఇవ్వకండి, పూర్తిగా పాడవుతుంది" అని హెచ్చరించి పంపిరి. ఇంటికి వచ్చిన దినమున వాచీ చక్కగా ఆడెను. మరల మంచముపై రెండు దినములు గడచినంతనే ఆగెను. మొదటి పర్యాయము శంకగా నున్నది రెండవ పర్యాయము నిశ్చయమైనది. ఆ యింటి యిల్లాలు శాంతి చేయించుటకు పురోహితుని పిలువనంపిరి. జీవితమంతయు పిల్లలకు భౌతికశాస్త్రము బోధించిన ఆ పెద్దలు గోడవైపునకు తిరిగి పరుండి, పెట్టిన యన్నము ముట్టరైరి.

మేము పోయినప్పటికి ఇట్లుండెను. మంచము ప్రక్కన ఆయన మనుమరాలు, పదవ తరగతి చదువు పిల్ల, కూర్చుండి యుండెను. మేము వాచీని చేతనందుకొనగా ఆ పిల్ల, "తాతయ్య చెయ్యి కదపడంలేదు కదండీ మాష్టారూ, మరి వాచీకి కీ ఎవరిస్తారు?" అనెను. "పెద్దవాళ్ల మాటల్లో నీకేం పని?" అని తల్లి కసరెను. ఆ యింటిలో సరియైన ప్రశ్న యడిగినది ఆ పిల్ల యొక్కతెయే. నోరు మూయించినదియు ఆ పిల్లనే.

"గురువుగారూ, కీ ఇవ్వమంటారా?" అని మేమడిగితిమి.

"ఇవ్వకూడదన్నారు గదయ్యా" అనిరి.

"ఎవరన్నారండీ?"

ఆయన కొంచెము సేపు ఆలోచించి, "అందరూ అన్నారు" అనిరి.

చదువరులారా, ఈ 'అందరూ' అను వారెవ్వరో విచారించుటయే మా వ్యాసమున కుద్దేశము. దానికి ముందుగా గడియారపు లోపలి సంగతి కొంత తెలియవలెను.

గడియారమును నడపునది యొక పొడవైన సన్నని ఉక్కుపట్టీ. దానిని గట్టిగా చుట్టి గుండ్రని డబ్బీలో నుంతురు. అది మెల్లగా విచ్చుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ చక్రముల చివరనున్న ఊగుచక్రము ఇటునటు నూగుచు కాలమును ముక్కలుగా కోయును. నేటి వాచీలలో ఆ కొట్టులు గంటకు 21,600 గాని 28,800 గాని యుండుట సామాన్యము. స్ప్రింగు నిండుగా చుట్టియున్నచో వాచీ సుమారు 40 గంటలు నడచును. కొన్ని యింకను ఎక్కువకాలము నడచును. స్ప్రింగు విచ్చుకొనిన పిమ్మట ఆగును. ఆగుట రోగము కాదు, శకునమును కాదు, ఆకలి మాత్రమే.

ఆ స్ప్రింగును చుట్టు మార్గములు రెండు. ఒకటి వ్రేళ్లతో ప్రక్కనున్న బొడిపెను త్రిప్పుట. పూర్వము దీనికి వేరుగా తాళముచెవి యుండెడిది. ఏడ్రియన్ ఫిలిప్ మొదలగువారు 19వ శతాబ్ది మధ్యమున ఆ తాళముచెవిని తొలగించి, బొడిపెతోనే చుట్టు నేర్పును కనిపెట్టిరి. కీ పోయినను మన భాషలో 'కీ ఇచ్చుట' యను మాట నిలిచినది. రెండవ మార్గము, మనిషి కదలికనే వాడుకొనుట. వాచీ వెనుకభాగమున అర్ధచంద్రాకారపు బరువుబిళ్ల యొకటి ఇరుసుపై నుండును. చేయి కదలినప్పుడెల్ల అది తిరుగును. ఆ తిరుగుట చక్రముల ద్వారా డబ్బీకి చేరి స్ప్రింగును చుట్టును. ఇదియే ఆటోమేటికు. ఇందు మంత్రము లేదు. చుట్టువాడు మీరే, వ్రేళ్లకు బదులు మణికట్టుతో చుట్టుచున్నారు.

ఇది నిన్నమొన్నటి యూహ కాదు. స్విట్జర్లండులోని ల లోక్ల్ పట్టణమున అబ్రహాం లూయీ పెర్రెలే యను పనివాడు 1770 ప్రాంతపు సంవత్సరములలోనే జేబుగడియారమున కీ యేర్పాటు చేసెను. పదునైదు నిమిషములు నడచినచో ఎనిమిది దినములకు చాలునని 1777లో జెనీవా కళాసంఘపు నివేదిక చెప్పుచున్నది. చేతిగడియారమునకు దీనిని చక్కగా అమర్చినవాడు ఇంగ్లండువాడగు జాన్ హార్వుడ్. 1924లో ఆయనకు స్విస్ పేటెంటు లభించెను. బొడిపె యున్న రంధ్రమునుండియే దుమ్మును తేమయు లోన జొరబడుచున్నవని గ్రహించి యాయన ఆ బొడిపెనే తీసివైచెను. ముల్లులు సరిచేయుటకు అద్దము చుట్టునున్న చట్రమును త్రిప్పవలసి యుండెడిది. ఆ వాచీకి చేతితో కీ ఇచ్చుట యసాధ్యము. అనంతరము 1931లో రోలెక్సు సంస్థవారు పూర్తిగా చుట్టు తిరుగు బిళ్లను ప్రవేశపెట్టిరి. నేడు దొరకు ఆటోమేటికు వాచీలలో పెక్కింటికి బొడిపెతో చుట్టు సౌకర్యము కలదు. చేసినవాడే వ్రేళ్లకు చోటు చూపి యుంచగా, అమ్మువాడు వలదనుట యెట్టి న్యాయము?

ఇక పూర్వపక్షములను వరుసగా పరిశీలింతము.

"ఎక్కువ త్రిప్పినచో స్ప్రింగు తెగును" అందురు. చేతితో మాత్రమే కీ ఇచ్చు వాచీలో స్ప్రింగు వెలుపలి కొన డబ్బీ గోడకు కొక్కెమువలె తగులుకొని యుండును. నిండిన పిమ్మట బొడిపె బిగియును. ఆపై బలవంతము చేసినచో హాని కలుగవచ్చును. ఈ భయము అచ్చటిది. ఆటోమేటికు వాచీలో నట్టి కొక్కెము లేదు. స్ప్రింగు కొన డబ్బీ గోడను ఒరసికొని నిలుచును. నిండిన పిమ్మట జారును. జారక తప్పదు, ఏలయన మీరు దినమంతయు చేయి కదపుచునే యుందురు, బరువుబిళ్ల నిండినదని యెరిగి యాగదు. స్ప్రింగు జారనిదే ఆటోమేటికు వాచీ యొక్క దినము బ్రతుకదు. ఈ జారు స్ప్రింగునకు ఏడ్రియన్ ఫిలిప్ 1863లోనే పేటెంటు పొందెను. చేతికదలికవలన తెగని స్ప్రింగు వ్రేళ్లవలన మాత్రము తెగునా? స్ప్రింగునకు చుట్టువారెవరో తెలియదు.

"కీ ఎక్కువై వాచీ ఆగిపోయినది" అనుమాటయు వినుచున్నాము. నిండుగా చుట్టియుండియు నడువని వాచీ కీ ఎక్కువై యాగలేదు. నూనె యెండియో, మురికి పట్టియో, లోపల నేదేని విరిగియో యాగినది. కడుపు నిండినవాడు లేవలేకున్నచో కాలు చూడవలెను గాని అన్నమును తిట్టరాదు.

"కీ ఇచ్చినచో చక్రములు అరుగును" అనునది మూడవ పూర్వపక్షము. ఇందు కొంత సత్యము కలదు. దానిని దాచుట మాకు తగదు. కొన్ని యంత్రములలో చేతితో త్రిప్పునప్పుడు ఆటోమేటికు భాగపు చిన్నచక్రములు కూడ కదలును. వానియందలి నూనె యెండినచో పండ్లు అరుగును. ఒక్కొక్కప్పుడు బొడిపెతో పాటు వెనుకనున్న బరువుబిళ్లయు గిరగిర తిరుగును. అది మరమ్మతు కావలెనని యంత్రము తానుగా చెప్పుట. కావున దినదినము ధరించి తిరుగువాడు ప్రతి యుదయమును నలువది మారులు త్రిప్పుట వ్యర్థము. కాని ఆగిన వాచీని మెల్లగా ఇరువది ముప్పది మారులు త్రిప్పి నడక మొదలుపెట్టించుటకును, దినదిన మనవసరముగా తోముటకును భేదము లేదా? ఆకలిగొన్నవానికి పిడికెడు పెట్టుట వేరు, నిండినవాని నోట క్రుక్కుట వేరు.

ఇట్లనినంతనే రెండవ పక్షమువారు లేతురు. వీరు మొదటివారికి విరోధులు కాని గోత్ర మొక్కటే. ప్రతి ప్రాతఃకాలమునను సంధ్యావందనమువలె లెక్కపెట్టి నలువది చుట్లు చుట్టనిదే వాచీ చెడునని వీరి నమ్మకము. మీ వాచీకి చేతితో చుట్టు సౌకర్యము కలదా యని యడిగినచో వీరికి తెలియదు. 1996 నుండి వెలువడిన సీకో 7ఎస్26 అను యంత్రమునకు ఆ సౌకర్యమే లేదు. దానిని లోకమున లక్షలమంది ధరించిరి. అట్టి వాచీ బొడిపెను చుట్టుటకై తెల్లవార్లు త్రిప్పినను స్ప్రింగునకు పిసరంతయు చేరదు. వాచీని అడ్డముగా అరనిమిషము ఊపుటయే దానికి తగిన యుపాయము. వలదనువాడును, తప్పదనువాడును ఇరువురును తమ చేతిలోని వస్తువును చూడలేదు. ఒకడు నిషేధమునకు, ఒకడు విధికి దాసుడు. దాస్యమునందు ఇరువురును సమానులే.

ధనికుల ఇండ్లలో మూడవ వింత పుట్టినది. ధరింపని వాచీలు ఆగిపోకుండ, విద్యుత్తుతో వానిని రాత్రింబవళ్లు త్రిప్పు పెట్టెలు అమ్మకమునకు వచ్చినవి. మనిషి కదలికను వాడుకొనుటకు పుట్టిన యంత్రమునకు మనిషి లేడు. మనిషికి బదులు మరియొక యంత్రము. క్లిష్టమైన పంచాంగపు ముల్లులు గల వాచీలకు దీనివలన కొంత ప్రయోజనము కలదని యొప్పుకొందుము. తేదీ మాత్రము చూపు వాచీకి ఇది దేనికి? అర నిమిషపు వ్రేళ్లపనిని తప్పించుకొనుటకు సంవత్సరమంతయు యంత్రమును అరగదీయుటను పోషణ యందురా?

మన ఇండ్లలో వాచీకి ఇంత మడి యేల కలిగినదో కూడ చెప్పవలెను. 1961లో బెంగుళూరున హిందూస్థాన్ మెషిన్ టూల్సు సంస్థ, జపానుదేశపు సిటిజన్ సంస్థ సహకారముతో చేతిగడియారముల తయారీ నారంభించెను. అదే 1961లో మన పార్లమెంటు వరకట్న నిషేధ చట్టమును చేసెను. ఈ రెండింటిలో మన ఇండ్లు దేనిని గౌరవించినవో పెండ్లి ఛాయాచిత్రములందలి వరుల మణికట్లు చెప్పును. ఆ సంస్థవారి వాచీశాఖను మూసివేయుటకు 2016లో ప్రభుత్వము నిశ్చయించినది. అల్లునికి వాచీ యను లాంఛనము మాత్రము మూతపడలేదు. మామగారు అప్పుచేసి కొనిన వాచీ అల్లుని బీరువాలో దేవతార్చన విగ్రహమైనది. దానిని ఇల్లాలు ముట్టరాదు, పిల్లలు ముట్టరాదు. ఎవరి తండ్రి సొమ్ముతో కొనబడినదో ఆమెయే దానికి కీ ఇచ్చుటకు అనర్హురాలు! ఆటోమేటికు వాచీకి చేయి తగులరాదను మాట యిట్టి యింటిలో సులభముగా నాటుకొనుటలో ఆశ్చర్యమేమి? ముట్టరాదను అలవాటు ముందే యుండగా, శాస్త్రమను పేరు మాత్రము తరువాత వచ్చి చేరినది.

మేము నిషేధములన్నిటికిని శత్రువులము కాము. రాత్రి తొమ్మిది గంటలకును తెల్లవారుజామున మూడు గంటలకును నడుమ వాచీలోని తేదీని మార్చరాదని పనివారు చెప్పుదురు. మేము పాటింతుము. ఏలయన ఆ వేళ తేదీని మార్చు చక్రము తేదీబిళ్ల పండ్లతో నప్పటికే కలిసి యుండును. బలవంతముగా త్రిప్పినచో పన్ను విరుగవచ్చును. ఈ నిషేధమునకు కారణము కలదు, హద్దు కలదు, కాలము గడచినచో తొలగును. కారణము చెప్పగల నిషేధము శాస్త్రము. కారణమడిగినచో కోపించు నిషేధము మూఢత్వము. బల్లియైనను బరువుబిళ్లయైనను ఈ న్యాయ మొక్కటే.

మన న్యాయశాస్త్రజ్ఞులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు చెప్పిరి. శబ్దమును ప్రమాణముగా నంగీకరించినను, ఎల్లవారి శబ్దమును అంగీకరింపలేదు; ఆప్తుని మాటయే ప్రమాణమనిరి. ఆప్తుడెవడు? వస్తువును స్వయముగా నెరిగినవాడు, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. వాచీ విషయమున ఆప్తులు ఇరువురు: దానిని చేసినవారు, విప్పి చూచిన నిజమైన పనివాడు. చేసినవారి మాట వాచీతో పాటు వచ్చిన చిన్నపుస్తకమున నుండును. దానిని మన ఇండ్లలో హామీ కాగితముతో కలిపి బీరువాలో దాతురు, చదువరు. పనివాడు చెప్పబోయినచో వినరు. మరమ్మతు సొమ్ము మాత్రమడుగుదురు. 'అందరూ' అనువాడు ఆప్తుడు కాడు. వాడు వాచీని విప్పి యెరుగడు. అసలు వాడున్నట్లే ఋజువు లేదు.

అయినను, "మీరు చెప్పినదియు మాటయే గదా, దాని నేల నమ్మవలెను?" అని యెవరైన నడిగినచో మాకు పరమానందము. నమ్మవలదు. చిన్నపుస్తకమును తెరువుడు, మీ వాచీకి చేతితో చుట్టవచ్చునో లేదో చూడుడు. చుట్టవచ్చునని యున్నచో వాచీని చేతినుండి తీసి పట్టుకొనుడు. చేతికుండగా త్రిప్పినచో బొడిపె ఇరుసుపై నొత్తిడి పడును. బొడిపెకు మరచుట్టు ఉన్నచో ముందు విప్పుడు. పని ముగిసిన పిమ్మట మరల బిగించుట మరువకుడు, లేకున్న నీరు లోన జొరబడును. మెల్లగా త్రిప్పుడు. గరగర శబ్దము వచ్చినను, బరువుబిళ్ల గిరగిర తిరిగినను ఆపి, పనివానికి చూపుడు. ఇంతకు మించిన రహస్యము లేదు.

మా గురువుగారి సంగతి చెప్పి ముగింతుము. నాడు మేము ఆ పిల్ల చేతికే వాచీ నిచ్చితిమి. చిన్నపుస్తకమును అటకపై వెదకించి, ఆ వాచీకి చుట్టు సౌకర్యము కలదని చూచుకొనిన పిమ్మట, ఆ పిల్ల ఇరువదియైదు మారులు మెల్లగా త్రిప్పెను. మూడవ నాలుగవ చుట్టులోనే సెకనుముల్లు కదలెను. గురువుగారు చాలసేపు దానివంక చూచి, "నలభై ఏళ్లు స్ప్రింగును గురించి పాఠం చెప్పాను, నాకు తోచలేదేమయ్యా?" అనిరి. మాకు సమాధానము తోచలేదు. రోగమునందు, భయమునందు, 'అందరూ' చుట్టు మూగినప్పుడు, నేర్చిన విద్య యెంత సులభముగా చేయి విడిచిపోవునో ఆ దినమున తెలిసినది. ఆ పూట ఆయన పెరుగన్నము తినిరి. లేచి నడువగలిగినంత వరకు ప్రతి యుదయమును ఆ పిల్లయే తాతగారి వాచీకి కీ ఇచ్చెను. పురోహితుడు వచ్చినప్పుడు ఆయనకు కాఫీ యిచ్చి పంపిరి.

గృహిణులారా, గృహస్థులారా! మీ యింట ఏది ముట్టరాదని పిల్లలకు చెప్పుచున్నారో ఒక్కమారు లెక్కపెట్టుకొనుడు. వానిలో కారణము చెప్పగలవాని నుంచుడు. చెప్పలేనివానిని పిల్లల యెదుటనే పరీక్షించి చూడుడు. పరీక్షకు నిలిచినవి నిలుచును. నిలువనివి పోయినచో మనకు నష్టము లేదు; ఆగిన గడియారమును చూచి ఆయువును లెక్కించు దుర్గతి తప్పును.